మావాడు అడిగిన స్కానర్

"అమ్మా, నాకు ఒక స్కానర్ కావాల" అని మావాడు అడిగినప్పుడు నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నాను. ఆ పనిలో ఉన్నప్పుడు ఎవరేం చెప్పినా సగమే చెవికెక్కుతుంది. పైగా మా ఊళ్ళో స్కానర్ అంటే అంగట్లో ఫోన్‌పే కోసం అతికించి పెట్టే అట్టముక్క. లేదంటే జిరాక్స్ అంగట్లో ఆధార్ కార్డు పెట్టే మిషన్.

"నీకెందుకురా స్కానర్? ఏమన్నా అంగడి పెట్టినావా?" అన్నాను.

వాడు నవ్వలేదు. "అది కాదమ్మా. ఇమానాల్లో పైలట్లు మాట్లాడుకునేది వినే రేడియో. మామ అమెరికాలో కొని, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. నువ్వు సరేనంటే చాలంట."

అంటే మేనమామా మేనల్లుడూ అంతా మాట్లాడేసుకున్నారు. సంతకం పెట్టడానికి మాత్రం నేను.

మావాడు తొమ్మిదో తరగతి. వాడికి ఈ పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలంటే మా మిద్దె గురించి చెప్పాలి. మా పూతలపట్టు చిత్తూరు–తిరుపతి రోడ్డు మీద ఉంటుంది. కానీ మిద్దె ఎక్కి చాప పరుచుకుని పడుకుంటే మా ఊరు చెన్నైకీ బెంగళూరుకీ మధ్య ఉన్నట్టు తెలుస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక పైన ఒకటి పోతుంది, దాని వెనకాల ఇంకొకటి. వాడు ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ యాప్ పెట్టుకుని "ఇది బెంగళూరు నుంచి కోల్‌కతాకి పోతా ఉంది, ఇది సింగపూర్‌ది" అని చెబుతుంటాడు. చెల్లెలితో పోట్లాడకుండా, ఆటల వీడియోలు చూడకుండా గంటసేపు ఆకాశం వైపు చూసే పిల్లవాణ్ణి ఏ తల్లి మాత్రం వద్దంటుంది?

అందుకే ముందు నేను వద్దనలేదు. మిక్సీ కొన్నా, కుక్కర్ కొన్నా పది మందిని అడిగి, రకరకాలు చూసి కొనే మనిషిని. ఇదీ అట్లాగే చూద్దామని వాడితో కూర్చున్నాను. వంటింటి లెక్కల పుస్తకంలో ఒక పేజీ దీనికి కేటాయించాం. వారం రోజుల్లో నాకు తెలిసినవి ఇవి.

విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్యలో నడుస్తాయి. మన ఎఫ్‌ఎం రేడియో 108 దగ్గర ఆగిపోతుంది. అది ఆగిన చోటికి కాస్త పైనే వీళ్ళ లోకం మొదలవుతుందన్నమాట. కానీ ఎఫ్‌ఎం రేడియో ముల్లు ఇంకొంచెం తిప్పితే వినబడుతుందా అంటే వినబడదు. ఎందుకంటే విమానాలు ఎఫ్‌ఎం పద్ధతిలో మాట్లాడవు. మన పాత ఆకాశవాణి మీడియం వేవ్ మాదిరి ఏఎం పద్ధతిలో మాట్లాడతాయి.

ఇంత కాలం మారినా ఇంకా ఏఎం ఎందుకు అని నాకూ అనుమానం వచ్చింది. కారణం తెలిశాక ఆశ్చర్యపోయాను. ఎఫ్‌ఎంలో ఒకే చోట ఇద్దరు మాట్లాడితే బలమైన గొంతు బలహీనమైన గొంతును మింగేస్తుంది. రెండోవాడు ఉన్నాడనే తెలియదు. ఏఎంలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే కీచుమని ఈల శబ్దం వస్తుంది. మాట అర్థం కాకపోయినా, ఇంకెవరో కూడా ఏదో చెప్పబోతున్నారని మాత్రం తెలుస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్ వాళ్ళ టెనెరిఫె దీవిలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ ఆఖరి క్షణాల్లో కంట్రోల్ టవరూ ఇంకో విమానమూ ఒకేసారి మాట్లాడడంతో, పరిగెత్తుతున్న విమానంలో వాళ్ళకు కీచు శబ్దమే ఎక్కువగా వినబడింది. ఆగమన్న మాట సరిగ్గా అందలేదు. ఆ ఈలను అనుమానించి ఒక్క నిమిషం ఆగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇక స్కానర్ చేసే పని ఏమిటంటే, మనం చెప్పిన చానళ్ళన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి వేగంగా తడుముతూ, ఎక్కడ మాట వినబడితే అక్కడ ఆగుతుంది. మాట అయిపోగానే మళ్ళీ వెతుకులాట. మా తమ్ముడు చూసింది యూనిడెన్ కంపెనీ బీసీ125ఏటీ అనేది. చేతిలో పట్టేంత ఉంటుంది, 500 చానళ్ళు దాచుకుంటుంది. అమెరికాలో పోలీసుల డిజిటల్ మాటలు కూడా వినగలిగే ఖరీదైన స్కానర్లు ఉన్నాయి కానీ, విమానాలకు అవి అక్కరలేదు. అది పాత ఏఎమ్మే కాబట్టి మామూలుది చాలు. డబ్బు పెట్టాల్సింది ఏరియల్ మీద. ఆ తరంగాలకు దాదాపు 60 సెంటీమీటర్ల కడ్డీ సరిగ్గా సరిపోతుందట. పుల్లలాంటి పొట్టి ఏరియల్‌తో ఎంత ఖరీదైన స్కానరైనా గుసగుసలే వినిపిస్తుంది.

మా ఊరి లెక్క కూడా వేశాం. రేణిగుంట విమానాశ్రయం మాకు దాదాపు 60 కిలోమీటర్ల దూరం. ఈ తరంగాలు చూపు మాదిరి నేరుగా పోతాయి, కొండను దాటి వంగవు. మధ్యలో అన్ని కొండలు పెట్టుకుని రేణిగుంట టవర్‌లో కూర్చున్న మనిషి గొంతు మాకు వినబడదు. కానీ 35,000 అడుగుల ఎత్తులో పోయే విమానం దాదాపు 400 కిలోమీటర్ల దూరం దాకా కనుచూపులో ఉన్నట్టే లెక్క. పైలట్ గొంతు మా మిద్దె మీదికి చక్కగా వస్తుంది. అంటే మాకు వినబడేది సగం సంభాషణే. బస్సులో పక్క సీటు ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే వినడం లాంటిది. అవతలి వాళ్ళు ఏమన్నారో మనమే ఊహించుకోవాలి.

మావాడికి అది చాలు. ఇండిగో వాళ్ళు రేడియోలో తమను ఇండిగో అని చెప్పుకోరట, ఐఫ్లై అంటారట. తొమ్మిదిని నైన్ అనకుండా నైనర్ అంటారట, ఫైవ్‌తో పొరబడకుండా. వాడు ఇంట్లో నైనర్ అనడం మొదలుపెట్టాడు. "అమ్మా, గ్యాస్ బుకింగ్ నెంబరు చెప్పు... నైనర్, ఫోర్..." అని.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. అడ్డుపడింది మా అత్త.

రాత్రి అన్నాల దగ్గర మేము ఈ ముచ్చట్లు మాట్లాడుకుంటుంటే ఆమె విని, "దానికి లైసెన్సు వద్దా?" అనింది. మావాడు పకపకా నవ్వి "రేడియోకి లైసెన్సేంది అవ్వా, బండికి కదా" అన్నాడు. ఆమె ఏమీ అనకుండా లేచిపోయి, ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం తెచ్చి వాడి చేతిలో పెట్టింది. మా మామ రేడియో లైసెన్సు పుస్తకం. ఆ కాలంలో ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టి, స్టాంపు వేయించుకోవాల్సిందే. ఎనభైలలో ఆ పద్ధతి ఎత్తేశారు. "ఒక సంవత్సరం కట్టకపోతే మీ తాతకు నిద్ర పట్టేది కాదు. పాటలు వినేదానికే లైసెన్సు అడిగిన గవర్నమెంటు, ఇమానాలు వినేదానికి అడగదా?" అనింది.

నేను వారం రోజులు మోడళ్ళూ ఏరియళ్ళూ చదివాను గానీ, ఈ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. ఆ రాత్రే చూశాను. అత్త చెప్పిందే నిజం.

1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర పెట్టుకోవడమే తప్పు. విన్నామా మాట్లాడామా అన్నది తర్వాతి సంగతి. మామూలు రేడియోలు, టీవీలు, మన ఫోన్లు, వైఫై లాంటివాటికి మినహాయింపులు ఉన్నాయి కాబట్టి మనకు ఆ చట్టం ఉన్నట్టే తెలియదు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. రేడియో పరికరం దగ్గర ఉంచుకోవాలంటే ప్రభుత్వ అనుమతో మినహాయింపో ఉండాలనే మాట అందులోనూ ఉంది. విమానాల మాటలు వినడానికి సరదా ఉన్న పిల్లవాడికి ఇచ్చే మినహాయింపు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. విదేశం నుంచి బ్యాగులో పెట్టుకొచ్చినా కస్టమ్స్ వాళ్ళు అడిగితే చూపించాల్సిన కాగితాలు వేరే ఉన్నాయి.

తెల్లవారి మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు అప్పటికే కొనేశాడు. "అక్కా, నువ్వు మరీ ఇదైపోతా ఉండావు. పూతలపట్టులో మిద్దె మీద పిల్లోడు రేడియో వింటే ఎవరు చూస్తారు? అది మాట్లాడే మిషన్ కూడా కాదు, వినేది మాత్రమే. ఇక్కడ డల్లాస్‌లో నేను కారులో కూడా వింటాను" అన్నాడు.

వాడు చెప్పిన ప్రతి మాటా నిజమే. ఎవరూ చూడరు. అది మాట్లాడదు. అమెరికాలో అది తప్పు కాదు. మా ఆయన కూడా "సరేలే, తెస్తే తేనీ, ఇంట్లోనే కదా" అన్నాడు. ఒక పూట నేను కూడా ఆ మాటకే మొగ్గాను. ఇప్పుడు నేను చెప్పబోయేది పెద్ద నీతి అని ఎవరూ అనుకోవద్దు. మొగ్గిన మనిషిగానే చెబుతున్నాను.

నన్ను ఆపింది జరిమానా భయం ఒక్కటే అయితే బహుశా ఆగేదాన్ని కాదు. భయం కూడా ఉందనుకోండి. 2010 ఫిబ్రవరిలో ఇద్దరు బ్రిటిష్ వాళ్ళు ఢిల్లీ విమానాశ్రయం దగ్గర హోటల్లో దిగి, బైనాక్యులర్లూ స్కానరూ పెట్టుకుని విమానాలు చూస్తూ పట్టుబడ్డారు. విమానాల నెంబర్లు రాసుకోవడం వాళ్ళకు సరదా, అంతే. కానీ హోటల్ వాళ్ళకు అనుమానం వచ్చింది, పోలీసులు వచ్చారు. ఆ సరదా మనుషులు చివరకు జరిమానా కట్టి ఇళ్ళకు చేరేసరికి దాదాపు రెండు నెలలు పట్టింది. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, లైసెన్సు వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని ఆన్‌లైన్ కంపెనీలకు నోటీసులు ఇచ్చింది. సరిహద్దులో ఉద్రిక్తత ఉన్న రోజులవి. అట్లాంటి రోజుల్లో మిద్దె మీద ఏరియల్ పెట్టుకుని విమానాల మాటలు వినే పిల్లవాణ్ణి చూసి ఊళ్ళో ఎవరికి ఏమనిపిస్తుందో చెప్పలేం.

కానీ నన్ను నిజంగా ఆపింది ఒక చిన్న మాట. స్కానర్ ఇంటికి వచ్చిన రోజు వాడితో నేను ఏమని చెప్పాలి అని ఆలోచించాను. "ఇదిగో నాన్నా, తీసుకో. కానీ బడిలో ఎవరికీ చెప్పొద్దు. ఫోటో తీసి స్టేటస్ పెట్టొద్దు. ఎవరన్నా వస్తే దాచెయ్" అని చెప్పాలి. వాడికి అంత ఇష్టమైన వస్తువు చేతికి ఇస్తూ, దానితో పాటు దాపరికం కూడా ఇవ్వాలి. పద్నాలుగేళ్ళ వయసులో నచ్చిన దాని గురించి నలుగురికి చెప్పుకోలేకపోతే ఇంక ఆ ఇష్టం ఎందుకు? పైగా రేపు ఇంకేదన్నా దాచాల్సి వచ్చినప్పుడు, అమ్మే నేర్పింది కదా అనుకుంటాడు. ఆ పాఠానికి నేను గురువు కాదలుచుకోలేదు.

అయితే వద్దని చెప్పడం మాత్రం సులభమా? అక్కడ నాకు ఇంకో భయం. ఇది రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఈత నేర్చుకుంటానని అడిగింది. నేను తల కూడా ఎత్తకుండా "ఆడపిల్లకు ఈతేంది, వద్దు" అన్నాను. కారణం చెప్పలేదు, ఇంకో దారి చూపించలేదు. అది మళ్ళీ అడగలేదు. ఈత సంగతి సరే, ఆ తర్వాత ఏదీ అడగలేదు. కాలేజీలో ఏ బ్రాంచి తీసుకోవాలన్నది కూడా స్నేహితురాళ్ళతో మాట్లాడుకుని, మాకు చెప్పింది అంతే. ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉంటుంది. ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అంటుంది. ఆ ఒక్క ముక్కతో సరిపెట్టుకోవాలి. పిల్లలకు వద్దని చెప్పడం వల్ల నష్టం లేదు. చెప్పి మన పనిలో మనం పడిపోవడం వల్లే నష్టం. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

అందుకని ఈసారి వాణ్ణి కూర్చోబెట్టుకున్నాను. చట్టంలో ఏముందో ఫోన్‌లో వాడి చేతే చదివించాను. ఢిల్లీ కథ చెప్పాను. వాళ్ళ మామకు వెనక్కి ఇచ్చేయమని చెప్పానని కూడా చెప్పాను. వాడు లేచిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రెండో రోజు రాత్రి మిద్దె మీదికి కూడా పోలేదు. నాకు గుండెలో రాయి పడినట్టయింది.

మూడో రోజు వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. "ఆ మాటలు గాల్లోనే ఉంటాయి కదమ్మా. మన మిద్దె మీదికే వస్తా ఉండాయి. వాటికి తాళం కూడా లేదు. వినేది తప్పెట్లయితుంది?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. నిజం చెప్పాలంటే నేను కూడా వాడి పక్షమే. అమెరికాలో పైలట్ల మాటలు ఎవరైనా వినొచ్చు, దానివల్ల అక్కడ విమానాలేమీ ఆగిపోలేదు. బ్రిటన్‌లో మాత్రం, స్కానర్లు అంగట్లో దొరుకుతున్నా, తమకు ఉద్దేశించని మాటలు వినడం చట్టం ఒప్పుకోదు. అంటే ఒక్కో దేశం ఒక్కో రకంగా ఆలోచించింది. మన దేశం భద్రత వైపు ఎక్కువ మొగ్గింది. ఎందుకు మొగ్గిందో మనకు తెలుసు. కానీ వినడానికి మాత్రమే పనికొచ్చే పరికరానికి, పేరూ ఊరూ రాయించుకుని, చిన్న ఫీజు కట్టించుకుని ఒక అనుమతి ఇస్తే నష్టమేముంది? ఒకప్పుడు మా మామకు పోస్టాఫీసులో ఇచ్చినట్టే. ఇంత మంది పైలట్లూ, కంట్రోలర్లూ, ఇంజనీర్లూ కావాల్సిన దేశం, ఆకాశం మీద ఆశ పడ్డ పిల్లల్ని దొంగచాటుగా వినే పరిస్థితిలో ఉంచకూడదు. ఇది నా అభిప్రాయం. వాడికీ ఇదే చెప్పాను. "చట్టం నాకు కూడా పూర్తిగా నచ్చలేదురా. కానీ నచ్చలేదని చెప్పడం వేరు, కళ్ళు గప్పడం వేరు. పెద్దయ్యాక నువ్వే ఒక అర్జీ పెట్టు" అన్నాను. వాడు మొదటిసారి కొంచెం నవ్వాడు.

తర్వాత ఇద్దరం కలిసి, దొంగతనం లేకుండా ఏమేం చేయొచ్చో వెతికాం.

మొదటిది, అమెరికా విమానాల మాటలు. లైవ్‌ఏటీసీ అనే దాంట్లో అక్కడి విమానాశ్రయాల సంభాషణలు ఇంటర్నెట్‌లో వస్తాయి. దానికి మన ఇంట్లో ఏ రేడియో పరికరమూ అక్కరలేదు. మనకు తెల్లవారుజామున 5 గంటలైతే, వేసవిలో డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర. బాగా రద్దీ వేళ. బడికి లేపితే లేవని పిల్లవాడు ఇప్పుడు అయిదింటికి లేచి మామ ఊరి విమానాలు వింటున్నాడు. పైగా అక్కడ టవర్ మాట, పైలట్ మాట రెండూ వినబడతాయి. మా మిద్దె మీదైతే సగమే కదా.

మొదట్లో నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. పదిరోజులు పక్కన కూర్చుని కాఫీ తాగుతూ వింటే కొంచెం పట్టుబడింది. కంట్రోలర్ ఒక ఎత్తు చెబితే పైలట్ ఆ ఎత్తునే తిరిగి అప్పజెబుతాడు. ఫలానా రన్‌వే అంటే ఆ రన్‌వే పేరు తిరిగి చెబుతాడు. తప్పు చెబితే కంట్రోలర్ వెంటనే సరిచేస్తాడు. 'సరే', 'ఊఁ' అంటే కుదరదు. విన్నానని నిరూపించుకోవాలి. మా ఇంట్లో సగం పోట్లాటలు 'ఊఁ' వల్లే వచ్చాయని నాకప్పుడు అనిపించింది. "వచ్చేటప్పుడు పాలు తీసుకురా" అంటే మా ఆయన "ఊఁ" అంటాడు, రాత్రి పెరుగుకు పాలుండవు. ఇప్పుడు మావాడు నాన్నను వదలడం లేదు. "నాన్నా, తిరిగి చెప్పు" అంటాడు. ఆయన పళ్ళు కొరుక్కుంటూ "అర లీటరు పాలు, ఏడు గంటలకు" అని చెబుతున్నాడు. పాలు వస్తున్నాయి.

రెండోది పెద్దది. హామ్ రేడియో. ఇది మన దేశంలో చట్టం తెరిచి పెట్టిన తలుపు. 12 ఏళ్ళు నిండిన ఎవరైనా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవచ్చు. పరీక్షలో కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం నియమాలు ఉంటాయి. రెండు స్థాయిలున్నాయి. చిన్న స్థాయికి, అంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు, మోర్స్ కోడ్ రాకపోయినా పర్వాలేదు. పాసైతే వీయూ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక పిలుపు పేరు మనకంటూ ఇస్తారు. విమానం నడిపి, తర్వాత ప్రధానమంత్రి అయిన రాజీవ్ గాంధీకి కూడా హామ్ లైసెన్సు ఉండేది. ఆయన పిలుపు పేరు వీయూ2ఆర్‌జీ. ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. హామ్ లైసెన్సు ఉంటే విమానాల మాటలు వినొచ్చని కాదు. హామ్ వాళ్ళకు ఇచ్చిన బ్యాండ్లు వేరు. కానీ ఇక్కడ చాటుగా చెవి ఒగ్గాల్సిన పని లేదు. మన గొంతుతో మనం పిలవొచ్చు, ఎక్కడి నుంచో జవాబు వస్తుంది. అంతరిక్ష కేంద్రంలో ఉండే వ్యోమగాములు కూడా హామ్ రేడియోలో బడిపిల్లలతో మాట్లాడతారు. ఇది విన్నాక మావాడి కళ్ళు చూడాలి మీరు.

వాడికంటే నన్ను ఎక్కువగా కదిలించింది ఒక గృహిణి కథ. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున కొందరు హామ్‌లు ప్రభుత్వ అనుమతి తీసుకుని అండమాన్ వెళ్ళారు. ఆ బృందానికి నాయకురాలు భారతీ ప్రసాద్ అనే ఢిల్లీ గృహిణి. అండమాన్ నుంచి హామ్ రేడియో వినబడి ఏళ్ళు గడిచిపోవడంతో, ప్రపంచం నలుమూలల నుంచి హామ్‌లు వాళ్ళ పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు. అది వాళ్ళకో పండుగ. ఇంతలో డిసెంబర్ 26 ఉదయం భూకంపం, సునామీ. ఫోన్లు పోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఆమె దగ్గరున్న రేడియో పనిచేస్తోంది. సరదాకు తెచ్చుకున్న ఆ రేడియోలోనే వాళ్ళు బయటి ప్రపంచానికి కబురు పంపారు. ఫలానా వాళ్ళు క్షేమం అన్న మాటలు ఇటు నేలమీది కుటుంబాలకు చేరవేశారు.

ఈ కథలో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేది ఒకటే. ఆమె దగ్గరున్న రేడియోకు కాగితాలున్నాయి. అందుకే ఆ ఉదయం ఆమె దాన్ని దాచుకోవాల్సిన పని రాలేదు. అందరి ముందూ పెట్టి, అందరికీ ఉపయోగపడేట్టు చేయగలిగింది. మా ఇంటికి దొంగచాటుగా వచ్చే స్కానర్ ఏ ఆపదలో ఎవరికి పనికొస్తుంది? దాన్ని ముందు బీరువాలోకి తోయాలి కదా.

మీ ఇళ్ళల్లో కూడా పిల్లలు ఇట్లాంటి కోరిక కోరవచ్చు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరకనిది లేదు కాబట్టి రెండు మూడు మాటలు చెప్పి ముగిస్తాను. అమ్మకానికి పెట్టారు కదా అని ఏ రేడియో అయినా కొనవచ్చని అనుకోకండి. వాకీటాకీ మాదిరి ఉండే చవక సెట్లు మరీ ప్రమాదం. వాటితో విమానాల మాటలు సరిగ్గా వినబడకపోగా, పక్కనున్న బటన్ నొక్కితే మన గొంతు బయటికి పోతుంది. అది ఎవరి అత్యవసరమైన మాట మీద పడుతుందో తెలియదు. కొన్ని షార్ట్‌వేవ్ రేడియోల మీద కూడా ఎయిర్ అని ఒక మీట ఉంటుంది. కొనేముందు చూసుకోండి. మేమైతే ఆ మీట లేని షార్ట్‌వేవ్ రేడియోనే ఎంచుకున్నాం. దాంట్లో రాత్రిపూట దూరదేశాల స్టేషన్లు వస్తున్నాయి. మా అత్తకు చాలా రోజుల తర్వాత రేడియో తిప్పే పని దొరికింది.

మా తమ్ముడు మొదట అలిగాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఉత్త చేతులతో రాలేదు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లల పుస్తకాలు రెండు తెచ్చాడు. స్కానర్‌ను అమెరికాలోనే అంగడికి తిరిగి ఇచ్చేశాడు. "నువ్వు ఎప్పుడన్నా డల్లాస్ వస్తే ఇద్దరం రన్‌వే పక్కన నిలబడి విందాంలేరా" అని మేనల్లుడికి మాటిచ్చాడు. మావాడు వెంటనే "తిరిగి చెప్పు మామా" అన్నాడు.

ఇప్పుడు వాడు హామ్ పరీక్షకు చదువుతున్నాడు. వాడికి పాఠం అప్పజెప్పించుకునేది నేనే. ఓమ్ సూత్రం నేను పదో తరగతిలో చదివి మర్చిపోయింది, సంగటి కెలుకుతూ మళ్ళీ నేర్చుకుంటున్నాను. మొన్న వాడే అన్నాడు, "అమ్మా, ఎట్లాగూ చదువుతా ఉండావు కదా, నువ్వు కూడా పరీక్ష రాసేయరాదా?" అని. ఆలోచిస్తున్నాను. నలభై దాటాక నాకంటూ ఒక పిలుపు పేరు వస్తే బాగానే ఉంటుంది.

పెద్దమ్మాయికి ఫోన్‌లో ఈ సంగతంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తమ్ముడు అడిగితే మాత్రం ఇంత వెతికినావే అమ్మా" అనింది. నిష్ఠూరంగానే అనింది. నేను తప్పు ఒప్పుకున్నాను. ఈత ఇప్పుడైనా నేర్చుకుంటావా, తిరుపతిలో ఎక్కడ నేర్పిస్తారో చూడనా అని అడిగాను. "చూడు" అనింది. చూస్తున్నాను.